గాజులో ఆగిన గీత

చండూరు బస్టాండు ఎనక
ఎరువుల దుకాణానికీ సైకిల్ షాపుకీ నడుమ
'లతీఫ్ రేడియోస్' అని బోర్డుండేది,
ఆఖరి అక్షరం సగం రాలిపోయి.
పదకొండేండ్లు ఆడ నేను సోల్డరు పొగ మింగిన.

ఒక ఎండాకాలం
గట్టుప్పల నుంచి చిలువేరు అండాలమ్మ దిగింది,
దుప్పట్ల సుట్టిన టీవీతోని.
భీవండిల ఆమె తమ్ముడు కొన్నడట,
పాత జపాన్ ఓడను ఇప్పినకాడ
తూకానికి.

పెట్టి సూసినం.
బొమ్మ కింది నుంచి మీదికి ఉరుకుతుంది,
వార్తలు సదివే ఆమె గదుమ కింద మళ్ల ఆమె నొసలు.
రంగు లేదు. మాట లేదు.
మాట ఉండాల్సినకాడ
నూనెల మిర్చి ఏసినట్టు సుయ్‌మని.

లతీఫ్ సాబ్ బీడీ ఆర్పిండు.
"ఖరాబు గాలేదమ్మా. దీనికి మన బాస రాదు."

దానికి తెలిసింది ఐదొందల ఇరవై ఐదు గీతలు,
మన దూరదర్శన్ గీసేది ఆరొందల ఇరవై ఐదు.
అది సెకనుకు ముప్పై బొమ్మలడుగుతది,
మనం ఇరవై ఐదే ఇస్తం.
వాళ్ల కరెంటు సెకనుకు అరవైసార్లు ఊగుతది,
మనది యాభై.

"ఉన్నప్పుడు," అన్నది అండాలమ్మ.

మళ్ల తనే,
"గట్లయితే పన్నె నంబరు తప్పింది" అన్నది.
లతీఫ్ సాబ్ ఆమె దిక్కు సూసిండు,
అప్పటిదాక ఏ గిరాకీనీ సూడనట్టు.
స్టూలు జరిపిండు. చాయ్ తెమ్మన్నడు.

ఆ టీవీ పద్ధతిల రంగంటే ఒక కోణం.
తొవ్వల గుట్ట తాకో, మబ్బు తాకో
కోణం జరంత జారిందా,
మనిషి మొగం పచ్చి మామిడికాయ.
అందుకే దానికొక గుండీ ఎక్కువ,
ఇంట్ల ఎవలన్న లేసి
మొగాన్ని మొగం రంగుకు తిప్పాలె.
ఫ్రాన్సోళ్లది ఇంకో తీరు,
ఒక గీతల ఎరుపు, ఒక గీతల నీలం,
తక్కువ పడ్డది పైగీతనడిగి బదులు తెచ్చుకొమ్మంటరు.

మనం పట్టుకున్నది జర్మనోళ్ల దారి, పాల్.
(మా షాపుల పనికొచ్చిన కుర్మయ్య
అది పాలమూరు పేరే అని
నెలరోజులు నమ్మిండు.)
ఒక గీత రంగును సీదా పంపుతరు,
దాని కిందిదాన్ని తిరగేసి.
తొవ్వల తప్పు రెండింటికీ ఒకే దిక్కు తాకుతది.
ఇంటికొచ్చినంక తిరగేసినదాన్ని మళ్ల తిప్పితే
ఒక తప్పు అటు, ఒక తప్పు ఇటు.
రెండు గీతలు కలిస్తే తప్పు ఇరుగుతది,
రంగు జర ఎలుస్తది, గంతే.

"మొదటి గీత రెండోదాని కోసం ఏడ ఆగుతది మరి?"

సొరుగు గుంజి
ఆమె అరచేతిల పెట్టిండు,
అగ్గిపెట్టె కన్న సిన్న గాజుబిళ్ల.
"ఇండ్ల. సప్పుడై మూలమూలకు తాకుకుంట తిరుగుతది.
సెకనును పదిలక్షల ముక్కలు జేస్తే
అరవై నాలుగు ముక్కలసేపు."

ఆమె దాన్ని బల్బుకు ఎదురువెట్టి సూసింది.
గోర్ల సందుల ఎర్ర రంగు, ఎన్ని దినాలదో.
"మాకు గిసొంటి గాజు లేదు సారూ.
చిటికి కట్టేనాడే తెలవాలె
ఏ పోగు ఏడ ఆగేది.
కట్టు గోరంత జారితే
చీర పొడుగూత ఏనుగు కుంటుతది.
తిరగేసి నేస్తే తప్పులు రెండైతయి,
సున్న గాదు."

చాయ్ తాగినంక అన్నది,
"అయినా ఎరుపు తెలుపు తాకేకాడ
జర మసక మిగుల్తది.
అదుంటేనే చేతిపని అని కొంటరు."

తొమ్మిది దినాలు పట్టింది.
కొత్త బోర్డు, కొత్త క్రిస్టల్,
మాట కోసం కాయిల్‌ను ప్లాస్టిక్ పుల్లతోని
ఎంట్రుకంత ఎంట్రుకంత తిప్పుడు.
సందేల బొమ్మ నిలవడ్డది,
పొలాల కార్యక్రమం, ఒక పసుపు తువాల.
అండాలమ్మ బొమ్మను సూడలే, తువాలను సూసింది.
"బజారు రంగు," అన్నది.

పోయేముందు
ఆ ఎక్కువ గుండీ మీద ఏలు పెట్టింది.
"ఇప్పుడిది?"
ఉత్తదే, తీగ కోసిన, తిప్పినా ఏం గాదు,
తీసేసి బిళ్ల అతికిస్తనన్న.

"వద్దు బిడ్డా, ఉండనీ.
మా మామకు ఏదన్న ఒకటి తిప్పేదుండాలె."